గెత్తిన్ నక్క అడ్డదారి

వేల్స్ అనే చలిదేశంలో, ఒక నది సముద్రంలో కలిసే చోట చిన్న ఊరు ఒకటుంది. దాని పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది, కాబట్టి ఊరు అనే అనుకుందాం. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఆ ఊరి ముందు కనుచూపు మేర ఇసుకే ఇసుక. పోటు వచ్చిందా, మళ్లీ అంతా సముద్రమే.

గ్వెన్ కొండ మీద పెరిగిన గొర్రె. మందని ఆ ఏడే మేత కోసం ఒడ్డుకు దించారు. దాని పిల్ల నియా, పట్టుమని నెల కూడా లేదు, ఇసుక చూస్తానని ఒకటే గొడవ. ఎంత చెప్పినా వింటేనా! సరే పద అని గ్వెన్ దాన్ని వెంటబెట్టుకుని ఒడ్డునే పుట్టి పెరిగిన గొర్రెల వెనకాల బయల్దేరింది. ఆ గొర్రెలు తిన్నగా నడవవు. ఇటో వంపు, అటో మెలిక. ఇదేం నడక అని గ్వెన్ అడిగితే, ముందు నడుస్తున్న ముసలి గొర్రె విసుక్కోకుండా చెప్పింది. ఇసుక మీద అలల చారలు ఉన్నచోట నేల గట్టిగా ఉంటుందట. నున్నగా తళతళలాడే చోట కిందంతా ఊబేనట. అందుకే ముందున్నదాని అడుగులో అడుగు వేసి నడవాలని చెప్పింది.

నియాకి గవ్వలు దొరికాయి. ఇంకేముంది, అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. పోటు వేళవుతోందని మిగతావన్నీ వెనక్కి మళ్లాయి. పిల్లని బతిమాలడంలో పడి గ్వెన్ అది చూసుకోలేదు. తల ఎత్తేసరికి తామిద్దరే మిగిలారు. ఒడ్డు వైపు దారికి అడ్డంగా గెత్తిన్ నిలబడి ఉంది.

గెత్తిన్ అంటే కొండ నక్క. మంద వెనకే దిగొచ్చింది. కిందటేడు గ్వెన్ మొదటి పిల్లని ఎత్తుకుపోయింది కూడా అదే. దాన్ని చూడగానే గ్వెన్ పిల్లకి అడ్డం నిలబడింది. అరుద్దామంటే ఎదురుగాలి, ఊళ్లో కుక్కలకి వినపడదు. పరిగెడదామంటే నియా కాళ్లు ఇంకా నిలదొక్కుకోనే లేదు. పిల్లని ముక్కుతో తోసుకుంటూ, చారల మీదే అడుగులేస్తూ, ఒక నున్నటి జాగాని చుట్టి అవతలికి చేరింది. వెనక సముద్రం, ఇక వెళ్లడానికి చోటు లేదు.

గెత్తిన్ తీరిగ్గా ఆ జాగా ఇవతలి అంచుకొచ్చి కూర్చుంది.

"ఎందుకక్కా అంత కంగారు? పిల్లని వదిలేసి నువ్వెళ్లిపో. నీ జోలికి రాను."

గ్వెన్ మాట తడబడనివ్వలేదు.

"సరే అన్నా. కానీ నా కళ్లముందు వద్దు. దీన్ని ఇక్కడే ఉంచి పక్కకి పోతాను. నేను వచ్చిన దారినే చుట్టి రా."

నియాని కదలొద్దని చెప్పి గ్వెన్ చారల మీదే పక్కకి నడిచింది. అమ్మా, ఎక్కడికి అని పిల్ల ఏడుస్తోంది. గ్వెన్ తిరిగి చూడలేదు. చూస్తే ఆగలేనని దానికి తెలుసు. గెత్తిన్ లేచి, గొర్రెల అడుగుల వైపు వెళ్లి, చారల మీద ఒక కాలు పెట్టింది. అది అలాగే చుట్టి వెళ్లిందంటే పిల్ల దక్కదు.

గెత్తిన్ ఆగింది. ఈ గొర్రె నన్ను ఊరంతా తిప్పి, ఆలోగా పిల్లని లాక్కుపోదామని చూస్తోంది, ఇలాంటి ఎత్తులు నేనెన్ని చూడలేదు అనుకుంది. కాలు వెనక్కి తీసుకుని, నున్నటి ఇసుక మీద నుంచి తిన్నగా నియా మీదికి దూకుడుగా వచ్చింది.

సగం దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత ముందు కాళ్లు దిగబడ్డాయి. లాగబోతే వెనక కాళ్లూ దిగాయి. గింజుకున్నకొద్దీ ఇసుక పొట్ట దాకా పట్టేసింది. నదిపాయలోంచి పోటునీళ్లు చప్పుడు లేకుండా పాక్కుంటూ వస్తున్నాయి.

గ్వెన్ పరుగున వచ్చి పిల్లని ఒళ్లంతా వాసన చూసుకుంది. బతికే ఉంది. అప్పుడొచ్చింది దానికి ఏడుపు.

"అక్కా, మోసం చేశావు," అంది గెత్తిన్, నోరంతా ఇసుకతో.

"మోసమేముందన్నా? చుట్టి రమ్మనే కదా చెప్పాను."

"గొర్రె నిజం చెబుతుందని నేనెలా అనుకుంటాను?"

నీళ్లు అప్పటికే గ్వెన్ గిట్టల్ని తాకుతున్నాయి. భయం తీరకుండానే, పిల్లని ముందు పెట్టుకుని, చారలు మునిగిపోకముందే వంకరటింకరగా ఒడ్డుకి నడిచింది. వెనక నుంచి కాసేపు అరుపులు వినపడ్డాయి. తర్వాత నీళ్ల చప్పుడే మిగిలింది.

ఎదుటివాళ్లు తెలివితక్కువవాళ్లని తేల్చేసుకున్నవాడికి, వాళ్లు చెప్పే నిజం కూడా ఉపయోగపడదు.