గిన్నె దాటిన రసం

దైవాధీనం అయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు "అన్నం తిన్నావా?" అనేవారు. తిన్నానంటే "అయితే ఉండు" అనేవారు. అప్పటికి జవాబు అంతే. ఆ తర్వాత ఎప్పుడో ఏదో ఒకటి జరిగేది, అడిగినవాళ్ళు అందులో ఇరుక్కునేవారు, అప్పుడు ఆయన ఒక్క ముక్క అనేవారు. అంగారకుడి దారిలో పోతున్న ఆ ఓడలో అందరూ ఆయన్ని ఆటపట్టించేవారు. భూమికి కబురు పెట్టి తిరుగు జవాబు తెప్పించుకోవడమే నయం, అయ్యగారి జవాబు కన్నా ముందొస్తుంది అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. గోదావరి లంకల్లో పడవ మీద ఊరూరా తిరిగి దేవుని వాక్యం చెప్పిన పాస్టరు. తొందర అనేది ఆయన ఒంట్లోనే లేదు.

జ్ఞానమణి మాత్రం ఆటకు అడగలేదు. ఓడలో కూరమడి చూసుకునే పని ఆమెది, ఆదివారాలు అయ్యగారి దగ్గర సేవ నేర్చుకునేది. ఆమె భర్త ప్రభుదాసు ఓడ వెలుపల మరమ్మతుకు దిగినవాడు దిగినట్టే పోయాడు. నడుముకు కట్టిన తాడు కొక్కెం ఊడింది. మెల్లగా, చెయ్యి చాచినా అందనంత దూరం, ఆ తర్వాత కంటికి ఆననంత దూరం వెళ్ళిపోయాడు. ఆ కొక్కెం తగిలించింది తీతు, గాలి యంత్రాలు చూసే మనిషి. కొక్కెంలో తయారీనాటి పగులు ఉందనీ, అతని తప్పు రవ్వంత లేదనీ తర్వాత తేల్చారు. తేల్చితే ఏం లాభం? ఆనాటి నుంచి తీతు బల్ల ముట్టుకోవడం మానేశాడు. ప్రభు భోజనాన్ని మన సంఘాల్లో బల్ల అనే అంటారు కదా. సంస్కారపు ఆదివారం వస్తే అతను గోడ పక్కనే ఉండి, అందరితో పాటు పాట పాడి, రొట్టె వచ్చే వేళకు మొహం తిప్పుకునేవాడు. జ్ఞానమణికి అది లోలోపల హాయిగానే ఉండేది. అతను చెయ్యి చాస్తే అందులో రొట్టె పెట్టడానికి తన చెయ్యి లేవదని ఆమెకు తెలుసు. ఆ సంగతి దేవుడికీ తెలుసని కూడా తెలుసు. అందుకే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

"అయ్యగారూ," అంది ఒకనాడు, "మా ఆయన పైకి వెళ్ళిపోయాడు, పైనున్నాడు అని అందరూ అంటున్నారు. మీరూ అన్నారు. ఊళ్ళో అయితే వేలెత్తి చూపించుకునేవాళ్ళం. ఇక్కడ నాకు కప్పైంది మీకు నేల. పైన అంటే ఎటండీ? నేనెటు చూసి ఏడవాలి?"

"అన్నం తిన్నావా అమ్మా?"

"తిన్నానండీ."

"అయితే వచ్చే ఆదివారం బల్ల నువ్వివ్వు."

తీతుకూ తనే ఇవ్వాల్సొస్తుందేమో అనుకుంది ఆమె. తీతు ఎలాగూ చెయ్యి చాచడులే అని మళ్ళీ తనే సర్దుకుంది.

అప్పటిదాకా ద్రాక్షరసం సంచిలో ఉండేది. నెలకొక సంచి చొప్పున తెచ్చుకున్నారు. ఒక్కొక్కరూ గొట్టంతో ఒక గుటక పీల్చుకునేవారు. జ్ఞానమణికి అది రుచించలేదు. "సంచి పిండుకుని తాగేది బల్ల ఎట్లా అవుతుందండీ, చంటిపిల్లల పాలసీసాలా?" అని, తమ ఊరి సంఘంవాళ్ళు ప్రార్థన చేసి పంపిన వెండి గిన్నె బయటికి తీసింది. రసాన్ని అందులోకి మెల్లగా పిండితే గిన్నె లోపలి గోడను అంటిపెట్టుకుని బుద్ధిగానే ఉంది. అయ్యగారు చూశారు, కాదనలేదు. ఆ చూపులో కొంత కొంటెతనం ఉందని తర్వాత కొందరన్నారు. నమ్మడానికి లేదు, నమ్మకుండా ఉండడానికీ లేదు.

ఆదివారం వచ్చింది. జ్ఞానమణి ముసుగు నాలుగు పక్కలకూ ఎగరకుండా పిన్నులు గుచ్చుకుంది. అయ్యగారు, తీతు, మరో ముగ్గురు కిటికీ ఉన్న గదిలో చేరారు. మోకాళ్ళూనడానికి అక్కడ నేల లేదు గనుక పట్టీల్లో పాదాలు దూర్చి తలలు వంచారు. పొడి రాలని పల్చటి రొట్టె అందరికీ అందింది. తీతు మామూలుగానే మొహం తిప్పుకున్నాడు. ఇక గిన్నె. చెప్పాల్సిన మాటలు చెప్పి, చిన్ననాటి నుంచి తమ గుళ్ళో చూసిన విధంగానే, జ్ఞానమణి రెండు చేతులతో గిన్నెను నుదుటికి పైగా ఎత్తి ఆపింది. చేతులు ఆగాయి. రసం ఆగలేదు.

ఊళ్ళో అయితే ఒలికిపోయేది. ఇక్కడ ఒలకడానికి కింద అనేదే లేదు. రసమంతా గిన్నె దాటి, ఒక్క ముద్దగా గుండ్రమై, పచ్చసొనలా వణుకుతూ గదిలోకి బయల్దేరింది. ఎదురుగోడలో గాలిని లాగే జాలీ ఉంది. ముద్ద అటే సాగుతోంది. ప్రార్థించి ప్రతిష్ఠించిన రసం కళ్ళముందే యంత్రాల పాలవుతోంది.

"తీతూ! గాలి ఆపు!" అని జ్ఞానమణి కేక పెట్టింది. ప్రభుదాసు పోయిన తర్వాత ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

జాలీ పక్కనున్న మీటను తీతు రెండు చేతులతో నొక్కి పట్టాడు. ఆ మీట నొక్కి ఉంచినంతసేపే పంకాలు ఆగుతాయి, వదిలితే మళ్ళీ తిరుగుతాయి. ఎందుకంటే అక్కడ గాలి తనంతట కదలదు. పంకాలు ఆగితే మనిషి వదిలిన ఊపిరి అతని ముక్కు ముందే నిలిచి, కాసేపటికి అదే అతనికి ఉరి అవుతుంది. పంకాలు ఆగాయి. భూమి వదిలిన నాటి నుంచి రేయింబవళ్ళు చెవుల్లో ఉన్న ఆ హోరు ఆగింది. అది హోరని కూడా వాళ్ళు మరిచిపోయారు. ఇప్పుడు ఒకరి గుండె ఇంకొకరికి వినిపించేంత నిశ్శబ్దం వచ్చి గదిలో నిలబడింది. కిటికీలోంచి పడిన ఎండ ఆ ముద్దలో దూరి ఎర్రగా వెలిగింది. అందులో ఓడ ఉంది, కిటికీ ఉంది, కిటికీ అవతలి నల్లటి ఆకాశం ఉంది, వాళ్ళ ముఖాలన్నీ ఉన్నాయి. భయమా అంటే భయమే. కానీ పారిపోవాలనిపించే భయం కాదు, చెప్పులు విడవాలనిపించే భయం.

అయ్యగారు గుసగుసగా అన్నారు: "బల్ల లేచి నడుస్తోంది నాయనా. మనమే దాని దగ్గరికి పోదాం. ఊపిరి మెల్లగా."

పట్టీల్లోంచి పాదాలు తీసి అందరూ కదిలారు. ఒకరు పక్కవాటుగా వచ్చారు, ఒకరు అడుగు నుంచి, ఒకరు కప్పు వైపు నుంచి తల వేలాడేసుకుని. బావి చుట్టూ మూగి లోపలికి తొంగిచూసే పిల్లల్లా ఆ వెలుగు చుట్టూ ముఖాలు చేరాయి. ఒక్కొక్కరూ పెదవి ఆనించి ఒక గుటక తీసుకుని పక్కకు తప్పుకున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకుని తాగారు. రేగుపండంత మిగిలింది. అది తొణక్కుండా సాగి తీతు మొహం ముందుకు వచ్చింది. అతను మొహం తిప్పుకున్నాడు.

జ్ఞానమణి గోడను తన్ని అటు తేలింది. గిన్నె అంచు తాకించగానే ఆ చుక్క లోపలికి ఒదిగింది. అప్పుడు ఆమెకు తీతు చేతులు కనిపించాయి. మీట మీద బిగిసి, వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. వదిలితే చాలు, అతనికి ఊపిరాడుతుంది. వదలడం లేదు. ఆ రోజు కూడా ఈ చేతులు కొక్కేన్ని ఇలాగే బిగించి ఉంటాయి, పట్టు తప్పింది ఇనుము అని ఆమెకు మొదటిసారి అనిపించింది. పదిమంది నచ్చజెప్పినా తలకెక్కని మాట అది.

"తీతూ, నోరు తెరువు."

"నాకొద్దు మణక్కా. అది నీ వంతు. నువ్వు తీసుకో, నేను మీట వదిలేస్తాను."

"ఒక్కదాన్ని తీసుకోలేను తమ్ముడూ. ఇన్నాళ్ళ నుంచీ చూస్తున్నాను, గొంతు దిగడం లేదు."

ఆమె గిన్నె అందించింది. కాళ్ళకు పట్టు లేక, చెయ్యి ముందుకు చాచగానే ఒళ్ళంతా వెనక్కి తిరిగిపోయింది. తీతు ఒక చెయ్యి మీట మీదే ఉంచి, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడింది. విడిపించుకోలేదు. అతను తాగాడు, గిన్నెలో మిగిలిన తడి ఆమె తాగింది. అక్కడ కన్నీరు జారదు, కంటి మీదే ఉబ్బి నిలుస్తుంది. అందుకని ఇద్దరికీ కాసేపు ఏమీ కనిపించలేదు. "ఇక వదులు నాయనా," అన్నారు అయ్యగారు. హోరు తిరిగి మొదలైంది, చల్లగాలి ముఖాలకు తగిలింది, అందరూ గుండెల నిండా పీల్చుకున్నారు.

మర్నాడు కూరమడి దగ్గరికి అయ్యగారు వచ్చారు. ఆమె ఆకులు తుంచుతూ, తల ఎత్తకుండానే అంది: "పైన అంటే ఎటో నాకింకా తెలియలేదండీ. నిన్న కళ్ళు తుడుచుకుని చూస్తే నా చెయ్యి పట్టుకుని ఉన్న తీతు తలకిందులుగా ఉన్నాడు. నాకు గుర్తున్నది అంతే."

అయ్యగారు ఒక ఆకు నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు.

"చిత్రమే," అన్నారు. "తలకిందులుగా ఉన్నది మణక్కే అన్నాడే తీతు."