పల్మో తియ్యని తలుపు

అనగనగా మంచు కొండల్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో పల్మో అని నీ అంత పిల్ల ఉండేది. వాళ్ళమ్మ పోయాక నాన్న దేచెన్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. ఈ పిన్ని మంచిదో చెడ్డదో పల్మోకి తెలీదు. ఆవిడ నోరు విప్పితేగా తెలిసేది! పక్కింటావిడ మాత్రం, "జాగ్రత్తే తల్లీ, ఏదో ఒకరోజు నిన్ను అడవిలో వదిలేసి వస్తుంది" అని చెవిలో ఊదింది.

ఆ చలికాలం నాన్న మేకల్ని తోలుకుని దిగువకు వెళ్ళాడు. ఇంట్లో పిండి అయిపోయింది. పైన అడవిలో వాళ్ళ చెక్క గుడిసెలో బార్లీ మూట ఉంది.

"పద, తెచ్చుకుందాం" అంది పిన్ని.

ఇద్దరూ మంచు చెప్పులు కట్టుకున్నారు. కొమ్మలు వంచి, తోలు పట్టీలు అల్లిన చేటంత చెప్పులమ్మా అవి! అవి ఉంటే కాలు మంచులో కూరుకుపోదు.

అప్పుడు పిన్ని పల్మో నడుముకి తాడు కట్టి, రెండో కొస తన నడుముకి కట్టుకుంది. 'దూడని కట్టినట్టు కట్టిందేమిటి?' అనుకుంది పల్మో.

ఆ తర్వాత లోయలో తిన్నగా పోయే దారి వదిలేసి, గట్టు మీద చుట్టుదారి పట్టింది. 'తిరిగొచ్చే దారి నాకు తెలియకూడదనా?'

గుడిసె చేరేసరికి పొద్దు వాలుతోంది. పిన్ని వాకిట్లో వంగి మంచులో ఏదో చూసింది. చూసి, గబగబా తాడు విప్పి పల్మోని లోపలికి నెట్టింది. పల్మో కాళ్ళకున్న మంచు చెప్పులు ఊడదీసుకుంది. "కదలకు" అని, బయట గడియ పెట్టి వెళ్ళిపోయింది!

పల్మో తలుపు దగ్గరికి పరుగెత్తింది. చెక్కల సందులోంచి చూస్తే, పిన్ని చెట్లలోకి పోతూ కనిపించింది. పక్కింటావిడ చెప్పిందంతా నిజమేనన్నమాట!

అప్పుడు కొండంతా ఉరిమినట్టు చప్పుడైంది. పైనుంచి మంచు విరిగిపడి, లోయలో దారి మొత్తం కప్పేసింది. 'అమ్మో, అటే వచ్చుంటే? జారితే పైకి లాగడానికేనా ఆ తాడు కూడా?' అనుకుంది పల్మో. అయినా అనుమానం పోలేదు. మరి చెప్పులెందుకు పట్టుకుపోయినట్టు?

కాసేపటికి బయట గడియ కదిలింది. పల్మో చటుక్కున లోపలి గడియ వేసేసింది.

"తలుపు తియ్యి."

"తియ్యను. నన్ను వదిలేసి పోయావు."

"పొయ్యిలోకి కట్టెలు వద్దూ? వాకిట్లో తోడేలు అడుగులు చూశా. చెప్పులుంటే నా వెనకే వచ్చేస్తావని తీసుకెళ్ళా."

"అబద్ధం!"

పిన్ని దారికని తెచ్చిన రొట్టెని తలుపు కింద సందులోంచి లోపలికి తోసింది. "తిని పడుకో. నేనిక్కడే ఉంటా" అని, తలుపుకి వీపు ఆనించి మంచులోనే కూర్చుంది.

పల్మో తలుపుకి చెవి పెట్టి వింది. అడవిలో తోడేలు ఊళ వేసింది. పిన్ని కదల్లేదు. మళ్ళీ ఊళ, ఈసారి దగ్గర్లో. అయినా కదల్లేదు. ఆ తర్వాత పిన్ని పళ్ళు టకటకా కొట్టుకోవడం వినపడింది.

పల్మో ఒక చేత్తో దుడ్డుకర్ర పట్టుకునే గడియ తీసింది. కట్టెల మోపుతో సహా పిన్ని లోపలికొచ్చి పడింది.

పొయ్యి రాజేశారు. పల్మో పిన్ని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో రుద్దింది.

"కోపమొచ్చిందా పిన్నీ?"

"వచ్చింది. ముందు ఆ ఎడమ కాలు కూడా రుద్దు, తర్వాత తిడతా."

తిట్టేలోపే ఇద్దరికీ నిద్రొచ్చేసింది.

కథ కంచి దారి పట్టింది,
నీ కంటికి కునుకు పట్టింది.