వెలుగులు చూడని రాత్రి

రిగ్జిన్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. రాత్రంతా కొండకొమ్మున కూర్చున్నా ఆకాశంలో అతనికేమీ కనబడలేదు. తెల్లారితే గురువుగారు అడుగుతారు.

సూర్యుడి మీద పెద్ద తుఫాను రేగిందనీ, ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర కనబడే రంగుల వెలుగులు ఈసారి లదాఖ్ దాకా రావచ్చనీ రేడియో చెప్పింది. మఠంలో అందరికంటే ఎక్కువ సంబరపడ్డది గురువు తుందుప్ లామాయే. చిన్నప్పుడు ఎవరో బాటసారి చెప్పగా విన్నప్పటి నుంచీ ఆ వెలుగులు చూడాలని ఆయనకు కోరిక. తీరా అవి వచ్చే వేళకు ఆయన చూపు పోయింది. "నువ్వు చూసి రా నాయనా, నీ కళ్లతో నేనూ చూస్తాను," అని శిష్యుణ్ణి పంపారు.

రిగ్జిన్ గొంగళి కప్పుకుని, కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. చుక్కలు తప్ప మరేమీ లేవు. ఆ వెలుగుల కోసమే వచ్చి పక్కన కెమెరా పెట్టుకున్న ఓ ఫొటోగ్రాఫర్ మాత్రం ఉన్నట్టుండి గంతేశాడు. కెమెరా తెరమీద ఉత్తరపు కొండ అంచున లేత ఎరుపు. తలెత్తి చూస్తే మామూలు చీకటే. పదకొండేళ్లు జపం చేసిన తనకు కనబడనిది ఆ డబ్బాకు కనబడిందేమిటని రిగ్జిన్‌కు సిగ్గేసింది. తన పుణ్యం చాలలేదనుకున్నాడు.

పొద్దున గురువుగారి మొహంలో ఆశ చూశాక నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఎప్పుడో క్యాలెండరులో చూసిన బొమ్మను తలచుకుని, ఆకాశమంతా ఆకుపచ్చటి తెరలు ఊగాయని చెప్పేశాడు. అబద్ధం అలవాటు లేనివాడితో ఇదే తంటా, రంగులు మరీ ఎక్కువ వేస్తాడు. అంతకుముందే ఫొటోగ్రాఫర్ వచ్చి గురువుగారితో కూర్చుని, టీ తాగి, కెమెరాకు తప్ప మనిషి కంటికేమీ కనబడలేదని చెప్పి వెళ్లాడని పాపం అతనికి తెలియదు.

గురువుగారు అంతా విని తల ఊపారు.

పూజ వేళయింది. ఆయన గది నుంచి పూజామందిరానికి నలభై మూడు రాతిమెట్లు. చూపు పోయిన దగ్గర్నుంచీ రిగ్జిన్ భుజం పట్టుకునే దిగేవారు. ఆవేళ అతను ఎప్పటిలా భుజం వంచి నిలబడితే ఆయన చెయ్యి వెయ్యలేదు. గోడ తడుముకుంటూ, ఒక్కొక్క మెట్టునూ కాలితో వెతుక్కుంటూ దిగసాగారు. కోపంగా ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపించింది రిగ్జిన్‌కు.

పన్నెండో మెట్టు ఎప్పుడో విరిగి పడిపోయింది. అక్కడ కాలు పెద్దగా చాపమని చెప్పడం రోజూ అతని పనే. గురువుగారు పదకొండో మెట్టు మీదికి వచ్చేసరికి రిగ్జిన్ ప్రాణం ఊరుకోలేదు. ఒక్క ఉరుకున వెళ్లి ఎదురుగా అడ్డం నిలబడ్డాడు.

"గురువుగారూ, నాకేమీ కనబడలేదు. చీకటే చూశాను."

గురువుగారు ఆగారు. ఆ ముసలి మొహం మెల్లగా విప్పారింది. చెయ్యి చాచి అతని భుజాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ బరువు పడగానే, పొద్దుటి నుంచీ గుండెల మీదున్న కుంపటిని ఎవరో దించినట్టయింది రిగ్జిన్‌కు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇక్కడ మెట్టుందా నాయనా?" అని అడిగారు గురువుగారు.

"లేదు."

"హమ్మయ్య," అన్నారాయన. "ఇక పద."