నూకాలమ్మ ఇంట్లో నలుగురు

తారకయ్య గారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా తువ్వాలు భుజాన వేసుకుని లేచేవారు; అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఒకాయన మోక్షం గురించి అడిగి, సాయంత్రం దాకా ఆయన వెనక గట్టంతా తిరిగి, కాళ్ళ నొప్పులతో ఇంటికి చేరి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. గోదావరి గట్టు మీద రెండు తాటాకు పాకలూ ఒక అరుగూ కలిపి జనం దాన్ని ఆశ్రమం అనేవారు. ఆయన మాత్రం పాక అనే అనేవారు.

శిష్యుల్లో భైరవమూర్తి గారని ఒక పెద్దాయన ఉండేవారు. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు పంతులుగా పాఠం చెప్పి ఉద్యోగ విరమణ చేశారు. మనిషి వెన్నలాంటివాడే గానీ, ఇంటికొచ్చిన శుభలేఖలో తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్ది పెళ్ళివారికే తిరిగి పంపేవారు. ఆ ఏడు వరదల రోజుల్లో ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"స్వామీ, మా ఆవిడకి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మెరక నేల ఉంది కదా, ఈ గట్టు పక్కనే. పోయేముందు, దాన్ని ధర్మానికి ఇచ్చెయ్యండి అంది. ఏ ధర్మానికో చెప్పలేదు. వరదల్లో మనుషులు తలదాచుకోవడానికి సత్రం కడతాం, ఇమ్మని కొందరు వచ్చారు. మూగజీవాలకి శాల కడతాం, ఇమ్మని ఇంకొందరు వచ్చారు. మనుషులకిస్తే నోరులేని వాటి ఉసురు తగులుతుందేమోనని భయం. పశువులకిస్తే, మనుషులు మునిగిపోతుంటే గొడ్లకిచ్చాడంటారు. ఉన్నది ఒక్క మెరక. ఆవిడ ఆఖరి మాటని తప్పుగా దిద్దేస్తానేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరికివ్వమంటారు?"

తారకయ్య గారు తువ్వాలు వేసుకుని లేచారు. "ఏటి నడిమి లంకలోకి నీళ్ళెక్కుతున్నాయట. చివరింటివాళ్ళు ఇంకా ఇవతలికి రాలేదట. పోలయ్య పడవ తీస్తున్నాడు, పద."

"మరి నా ప్రశ్న?"

"దాన్నీ ఎక్కించు. బరువేం ఉండదులే."

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. పోలయ్య గెడ వేసి పడవను లంక చివరి దాకా నడిపాడు. అక్కడ ఒక్కటే పాక మిగిలింది. గుమ్మంలో, పిక్కల లోతు నీళ్ళలో, నడుముకి చీర బిగించి ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఆవిడ పేరు నూకాలమ్మ.

"నీళ్ళు జోరందుకుంటున్నాయండి. పడవలో ఇంక నలుగురికే చోటు. ఎంతమందో కనుక్కోండి," అన్నాడు పోలయ్య.

"ఇంట్లో ఎంతమందమ్మా?" అని పంతులు గారు కేకేశారు.

"నలుగురమండి. నేనూ, మాయాయనా, పెద్దదీ, చిన్నదీను."

సరిగ్గా సరిపోయిందని పంతులు గారు సంబరపడ్డారు. "మీ అమ్మాయిలా?"

"అమ్మాయిలేనండి మరి. పెద్దదానికి ఈతొచ్చు. చిన్నదానికే నీళ్ళంటే బెదురు."

"ఆడపిల్లకి ఈత నేర్పావా! భేష్."

"ఎవరూ నేర్పలేదండి. అదే నేర్చుకుంది."

పంతులు గారికి ఆ కుటుంబం మీద గౌరవం పెరిగింది. అమ్మాయిలిద్దరూ ఎంతకీ బయటికి రాకపోయేసరికి, పరాయి మగవాళ్ళని చూసి సిగ్గుపడుతున్నారని ఆయనే అర్థం చేసుకున్నారు. "మేం అటు తిరిగి కూర్చుంటాం, వాళ్ళని రమ్మనమ్మా," అన్నారు. పోలయ్యని కూడా తిరగమన్నారు. తారకయ్య గారు ఎవరూ చెప్పకుండానే బుద్ధిగా తిరిగారు. వెనక నీళ్ళు కదిలిన చప్పుడైంది. ఆ తరవాత పంతులు గారి మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. ఉలిక్కిపడి తిరిగి చూస్తే, జానెడు దూరంలో ఒక గేదె ముఖం, దాని పక్కన వణుకుతూ దూడ, ఆ వెనక పలుపు పట్టుకుని నూకాలమ్మ మొగుడు సూరయ్య.

పోలయ్య నవ్వు ఆపుకోలేక గెడ జారవిడుచుకోబోయాడు. పంతులు గారికి మాత్రం నవ్వు రాలేదు. మన భాషలో ఆడమనిషి వచ్చినా వచ్చింది అనే అంటాం, గేదె వచ్చినా వచ్చింది అనే అంటాం. ఆ సంగతి ఆయన కొన్ని వందలమంది పిల్లలకి చెప్పి ఉంటారు. అక్కడ మోసపోయినందుకు ఆయనకి బాధ లేదు. కానీ నలుగురు అనే మాట మనుషులకే చెల్లుతుంది. పశువులైతే నాలుగనాలి. ఆయన నమ్ముకున్నది ఆ మాటని.

"అమ్మా, నలుగురం అనకూడదు. ఇద్దరు మనుషులు, రెండు గేదెలు అనాలి," అన్నారు, ఆవిడకి మోకాళ్ళ దాకా నీళ్ళొస్తుంటే కూడా దిద్దకుండా ఉండలేక.

నూకాలమ్మ ఆయన వంక ఎగాదిగా చూసింది. "అలా ఇడదీసి మేమెప్పుడూ లెక్కెట్టలేదండి. మొన్నొచ్చిన వరదకీ ఇంతే. ఒక పడవోళ్ళొచ్చి మనుషులే ఎక్కాలన్నారు. ఇంకో పడవోళ్ళొచ్చి గొడ్లనే ఎక్కించుకుంటామన్నారు. రెండు పడవలూ ఉత్తినే ఎళ్ళిపోయినియ్యి. మేం నలుగురం మూడ్రోజులు ఆ దిబ్బ మీద కూకున్నాం. ఈసారి దిబ్బ కూడా మునిగిపోయింది. మీరూ ఎళ్ళిపోతానంటే చెప్పెయ్యండి, ఇంకెవరైనా వస్తారేమో చూసుకుంటాం."

సూరయ్య గేదె మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గేదెల్ని వదిలి వీళ్ళు రారని పంతులు గారికి అర్థమైంది.

తారకయ్య గారు పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారు. "భైరవమూర్తీ, వ్యాకరణం ఒడ్డుకెళ్ళాక చూద్దాం. ముందు చిన్నదాన్ని పట్టుకో," అని, పోలయ్య సాయంతో దూడని ఎత్తి పంతులు గారి ఒళ్ళో పెట్టారు. ముసలి దంపతులు ఎక్కారు. పెద్దది తనకి తానే నీళ్ళలోకి దిగింది. దాని పలుపు నూకాలమ్మ చేతిలో ఉంది.

ఆ ప్రయాణం లంకల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. పడవ ఎటు ఒరిగితే అటు దూడ పంతులు గారి చొక్కాలో తల దూర్చేది. నడి ఏట్లో ఆయన చెవి నాకింది. కాస్త ఇవతలికొచ్చాక, చలికో భయానికో, ఆయన తెల్లటి పంచె మీదే పోసేసింది. నూకాలమ్మ నాలుక కరుచుకుని, "చిన్నపిల్లండి, ఏమనుకోకండి," అంది. పంతులు గారు దిద్దలేదు. నవ్వారు. భార్య పోయాక ఆయన అలా పగలబడి నవ్వడం అదే మొదలు. ఏరు దాటుతున్నంతసేపూ ఆయన ఒక చేత్తో దూడని అదిమి పట్టుకునే ఉన్నారు. వెనక నీళ్ళ మీద రెండు కొమ్ములూ ఒక ముక్కూ తేలుతూ వచ్చాయి. వాటిని చూసి పోలయ్య పాటందుకున్నాడు.

చుట్టుపక్కల మెరకంటూ ఒకటే ఉంది కాబట్టి పడవ అక్కడే ఆగింది. అది పంతులు గారి భార్య మెరక. గట్టు మీది జనం చేయి అందించారు. ఎవరో నూకాలమ్మకి పొడి చీర ఇస్తే ఆవిడ దానితో ముందు దూడని తుడిచింది. పెద్దది ఒళ్ళు దులుపుకుని, గడ్డి పరకలు కొరుకుతూ స్థిమితపడ్డాక, ఆవిడ చెంబు అడిగి పాలు పితికి కాచింది. మొదటి గ్లాసు పంతులు గారికే వచ్చింది. ఆయన తడి పంచెతో నేల మీద కూర్చుని తాగారు. మా ఆవిడ ఇక్కడ ఉంటే ఎంత సంతోషించేదో అనుకుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీళ్ళలో దుఃఖం కంటే సంతోషమే ఎక్కువ.

కాసేపటికి ఆయన తారకయ్య గారి దగ్గరికి జరిగారు. "స్వామీ, రేపే దానపత్రం రాయిస్తాను. ఎవరికని రాయమంటారు?"

"ధర్మం నలుగురికీ కదయ్యా. నలుగురికీ అని రాయి."

"రిజిస్ట్రారు ఆ నలుగురూ ఎవరని అడిగితే?"

తారకయ్య గారు తువ్వాలు భుజాన వేసుకున్నారు. "నువ్వు చెప్పకు, మళ్ళీ విడదీస్తావు. నూకాలమ్మని తీసుకెళ్ళు."