హతీజే అంటించిన పుస్తకం

అనగనగా మంచుకొండల అవతల, మీరూ నేనూ పుట్టకముందు, ఒక దేశం. ఆ దేశపు దొరలు "దేవుడు లేడు, మేమే ఉన్నాం" అన్నారు. మసీదుకు తాళం వేశారు. నమాజు పుస్తకాలను పొయ్యిలో పెట్టారు. గోడగోడకూ తమ పెద్దాయన బొమ్మ అంటించమన్నారు.

అంటించిందెవరు? హతీజే. పొట్టకూటి కోసం పిండి జిగురు కాచి, బకెట్టు పట్టుకుని ఊరంతా తిరిగేది. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా పాత బొమ్మ మొహం మీదే జిగురు పూసేది.

ఒకనాడు ఆ రాజ్యం కూలింది. అబ్బ, ఏం సంబరం! మసీదు తలుపులు తెరిచారు. ముసలివాళ్లు ఏడ్చారు, కుర్రవాళ్లు గెంతారు. కానీ కుర్రవాళ్లకు నమాజు రాదు, చూసి నేర్చుకుందామంటే పుస్తకం లేదు. అంతా కంఠతా వచ్చిన ముసలి ఇమాం చెబుతుంటే అచ్చు వేస్తానన్నాడు ప్రెస్సు రమీజ్.

హతీజే కూడా నమాజుకు వచ్చింది. "బొమ్మలంటించిన చెయ్యి" అన్నారు ఆడవాళ్లు. ఆమెకు చోటివ్వడానికి మొదటిరోజు పక్కకు జరగలేదు, రెండోరోజు జరగలేదు, మూడోరోజూ జరగలేదు. చెప్పులు విడిచేచోట కూర్చుని కుమిలిపోయింది పాపం.

ఇక కాగితం. కొట్లో లేదు, బడిలో లేదు. గోదాములో మాత్రం పెద్దాయన బొమ్మలు గుట్టలు! వెనకవైపు తెల్లగానే ఉంది. ఇమాం ఒప్పుకోలేదు.

"దువా వెనక ఆ మొహమా? కుదరదు నాయనా."

రమీజ్ ఆ మొహం మీద సున్నం పూశాడు, కాగితం ముడుచుకుపోయింది. గీకాడు, చిరిగిపోయింది. అప్పుడు చెప్పుల దగ్గర్నుంచి హతీజే మెల్లగా అంది.

"ఇమాం సాబ్, నేను జిగురు పూసిన మొహం మళ్లీ ఎవరికీ కనబడలేదు. రెండు బొమ్మలను మొహానికి మొహం అంటించేస్తే?"

ఇమాం పగలబడి నవ్వాడు. "అంటించమ్మా, గట్టిగా అంటించు."

చలికాలానికి దాచుకున్న పిండంతా తెచ్చి కాచేసింది హతీజే. పూసింది, అంటించింది, ఆరేసింది. ఊరి దండేలన్నీ తెల్లబడ్డాయి. పక్కకు జరగని ఆడవాళ్లే కొంగులు బిగించి వచ్చి జిగురు కలిపారు. రంజాన్ నెలవంక కనబడేనాటికి పుస్తకం వచ్చేసింది! మొదటి ప్రతి హతీజే చేతిలో పెట్టి, వరస మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

ఆమె పోయి ఎంత కాలమైందో! ఇప్పుడక్కడ ప్రెస్సులకూ కాగితానికీ కొదవలేదు. అయినా నమాజు పుస్తకం ఎక్కడ అచ్చయినా, మొదటి పేజీని రెండు కాగితాలు అంటించే చేస్తారు. లోపల ఎవరున్నారోనని పిల్లలు దాన్ని ఎండకు పట్టి చూస్తారు. పెద్దలు మాత్రం ఆ మందాన్ని వేళ్లతో తడిమి, "అల్లా హతీజే చేతులు చల్లగా ఉంచాలి" అనుకుని, అప్పుడు చదువు మొదలుపెడతారు.