ఏడు సముద్రాలు దాటొచ్చిన పిల్లి

అనగనగా చిత్రగిరి అనే రాజ్యాన్ని ఏలే ఒక రాజుగారు. రాజన్నాక కొడుకులుండాలిగా, ముగ్గురున్నారు. పెద్దవాడు గుర్రం దిగడు, నడిమివాడు కత్తి దించడు, మూడోవాడు నోరు మూయడు. నోరు మూయడంటే తిడతాడని కాదర్రా, ప్రశ్నలు! ఉప్పుకి వాసనెందుకు లేదు? చీమలు ఎదురుపడి ఏం మాట్లాడుకుంటాయి? వంటవాళ్ళ దగ్గర్నుంచి మంత్రిగారి దాకా అతన్ని చూస్తే పక్కదోవ పట్టేవాళ్ళు. అతని పేరు మకరందుడు. పెళ్ళీడుకొచ్చినా ఆ అడగడం మానలేదు.

ఒకరోజు పొద్దున్నే మకరందుడు పెరట్లో పళ్ళు తోముకుంటుంటే గోడమీంచి ఒక పిల్లి దూకింది. తెల్లటి పిల్లి, ఎడమ చెవి ఒక్కటే నలుపు. ఒళ్ళంతా తడి. మీసాల మీద ఉప్పు పేరుకుని ఉంది. ఎన్నాళ్ళనుంచో ఎరిగున్నట్టు వచ్చి అతని కాళ్ళకి ఒళ్ళు రాసుకుని "మ్యావ్" అంది. ఇంకేముంది, కరిగిపోయాడు! గిన్నెడు పాలు పోశాడు, తన పైపంచెతో ఒళ్ళు తుడిచాడు, బుజ్జులు అని పేరు కూడా పెట్టేశాడు.

అయితే ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. దారితప్పిన జీవం ఏదైనా సరే, ఆవు గానీ మేక గానీ పిల్లి గానీ, ఇంటికొస్తే మూడు రోజులు దండోరా వేయించాలి. ఎవరైనా వచ్చి "నాది" అంటే అందరి ఎదుటా మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ "నాదే" అంటే ఇచ్చెయ్యాలి. మూడుసార్లెందుకంటారా? ఆ జీవం చేసిన తప్పులకి కూడా దాని ఆసామే పూచీ మరి! ఎవరి చేనైనా మేసొచ్చిందనుకోండి, ఆసామి నలుగురిలో చెవులు పట్టుకుని నూటొక్క గుంజీళ్ళు తియ్యాలి. అందుకని బాగా ఆలోచించుకుని చెప్పమని మూడు మార్లు అడిగేవాళ్ళు.

మకరందుడికి పిల్లిని ఇవ్వాలని లేదు. దండోరా వేయించకపోతే నాన్నగారు ఊరుకోరు. ఏం చేశాడో తెలుసా, గడుగ్గాయి! దండోరా వేసే సోమన్నని పిలిచి, "కంచరివీధిలో వెయ్యి" అన్నాడు. కంచరివీధిలో పొద్దస్తమానం బిందెల మీదా గంగాళాల మీదా సుత్తులు పడుతూనే ఉంటాయి. అక్కడ పిడుగు పడినా వినపడదు. పాపం సోమన్న మూడు రోజులు గొంతు చించుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు తలెత్తలేదు.

"ఎవరూ రాలేదుగా. ఇక పిల్లి నాదే!" అనుకున్నాడు మనవాడు.

నెల తిరిగింది. అమావాస్యకి ముందురోజు పిల్లి మాయం. మకరందుడు వెతకని చోటు లేదు. మూడోనాడు పొద్దున్నే మళ్ళీ అదే గోడమీంచి దూకింది. ఒళ్ళంతా తడి, మెడలో కనకాంబరాల దండ!

"ఎవరు కట్టారమ్మా దీనికి?" అని తల్లిని అడిగాడు. నాకేం తెలుసురా అంది. వదినల్ని అడిగాడు. నేను కాదంటే నేను కాదన్నారు. రెండో అమావాస్యకి మళ్ళీ మాయం. మళ్ళీ మూడోనాడు ప్రత్యక్షం. ఈసారి మెడలో నీలం పూల దండ. తోటమాలి ఆ పువ్వుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటి పువ్వు మన రాజ్యంలోనే లేదు బాబుగారూ" అన్నాడు.

మకరందుడికి ఒకపక్క ఎవరో తెలుసుకోవాలని తహతహ. ఇంకోపక్క కడుపుమంట. నా బుజ్జుల్ని నాకంటే ఎక్కువ ముద్దు చేసేవాళ్ళెవరు? మూడో నెల అమావాస్య ముందురోజు పిల్లిని గదిలో పెట్టి గడియ వేశాడు. పిల్లి పాలు ముట్టలేదు. తలుపు గీకింది, ఏడ్చింది. అతను చెవులు మూసుకు కూర్చున్నాడు గానీ తలుపు తియ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం గది ఊడవడానికి దాసి తలుపు తీసిందో లేదో, ఆమె కాళ్ళ సందులోంచి పిల్లి ఒకటే దూకు!

ఈసారి పిల్లి తిరిగొచ్చినప్పుడు మెడలో పువ్వుల్లేవు. చీర కొంగు చింపిన పీలిక ఒకటి కట్టి ఉంది. దానిమీద కాటుకతో రాసి ఉంది.

"అయ్యా, మీరెవరో నాకు తెలియదు. నా పిల్లికి కడుపునిండా పాలు పోస్తున్నారని దాని పొట్ట చూస్తే తెలిసింది, చాలా సంతోషం. కానీ అమావాస్య పొద్దుటికి ఇది ఇక్కడుండాలి. లేకపోతే ఇక్కడి మాంత్రికుడు నన్ను బతకనివ్వడు. ఈసారి రాత్రికి గానీ రాలేదు. నా కుడిపాదాన్ని రాయి చేశాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే నిలువునా రాయిని చేస్తానన్నాడు. దీని గోళ్ళలో చెక్కపేళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. మీరు తలుపు వేసుంటారు. దణ్ణం పెడతాను, ఇంకెప్పుడూ వెయ్యకండి. ఇట్లు, కువలయ."

మకరందుడు ఆ పీలికని మళ్ళీ మళ్ళీ చదివాడు. తను సరదాకి వేసిన గడియకి ఎక్కడో ముక్కూమొహం తెలియని ఆడపిల్ల కాలు రాయైపోయింది! తండ్రి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పి ఏడ్చాడు. దొంగ దండోరా సంగతి కూడా దాచలేదు.

రాజుగారు చివాట్లు పెట్టాల్సినన్ని పెట్టి, "సైన్యాన్ని తీసుకుపో" అన్నారు.

"ఎటు తీసుకుపోను నాన్నగారూ? దారి తెలిసింది పిల్లికి. అది అమావాస్య ముందురోజు గానీ కదలదు."

ఆ నెల రోజులూ మకరందుడు ఎవర్నీ ఒక్క ప్రశ్న అడగలేదు. మంత్రిగారికే బెంగపట్టుకుంది.

అమావాస్య ముందురోజు రానే వచ్చింది. పిల్లి గోడెక్కింది. మకరందుడు రెండు చేతులా దాని తోక పట్టుకున్నాడు. పిల్లి ఒక్క గెంతు గెంతితే కింద ఉప్పు సముద్రం! అది దాటగానే పిల్లికి మాటొచ్చింది, దాని వెంట సముద్రం దాటినవాడికి ఒక్కడికే వినపడే మాట. రాగానే తిట్టడం మొదలెట్టింది.

"మెల్లిగా పట్టుకో, ఊడొస్తుంది! నువ్వు చేసిన నిర్వాకానికి నిన్నిక్కడే వదిలెయ్యాలి."

"వదిలెయ్యకు బుజ్జులూ! ముందు చెప్పు, నువ్వసలు ఎవరి పిల్లివి?"

రెండో గెంతుకి చెరుకురసం సముద్రం, మూడో గెంతుకి కల్లు సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటేటప్పుడు పిల్లి ఊపిరి బిగబట్టమంది. ఆ తర్వాత నేతి సముద్రం, పెరుగు సముద్రం. దాటుకుంటూ దాటుకుంటూ తన కథంతా చెప్పుకొచ్చింది.

ఏడు సముద్రాల అవతల ఒక దీవి. అక్కడ కరాళుడని ఒక మాంత్రికుడు. వాడి ప్రాణం వాడిలో ఉండదు. ఎక్కడుంటుంది? చిలకలో అనుకుంటున్నారు కదూ? కాదు, ఈ పిల్లిలో! పిల్లిని చంపితే మహాపాపమని ఎవరూ దాని జోలికి రారు, అందుకని వాడు తెలివిగా అక్కడ దాచుకున్నాడు. మరి పిల్లేమో వాడి చేతి కూడు ముట్టేది కాదు. దానికి అన్నం కలిపిపెట్టడానికని కుంతల దేశపు రాజుగారి కూతురు కువలయని ఎత్తుకొచ్చి దీవిలో పెట్టాడు. నెలంతా పిల్లి ఎక్కడ తిరిగినా వాడికి పట్టదు. అమావాస్య పొద్దున మాత్రం ప్రాణం ఉందా లేదా అని ఒకసారి దాన్ని తడిమి చూసుకుంటాడు.

"మరి వాడి నుంచి ఆ అమ్మాయిని విడిపించడం ఎలా?"

"నన్ను తనదనుకున్నన్నాళ్ళూ వాడికి చావూ లేదు, మంత్రాలకి లోటూ లేదు. వాడే, వాడి నోటితోనే, 'నాది కాదు' అనాలి. అప్పుడు వాడి ప్రాణం వాడిలోకి పోతుంది, మంత్రాలన్నీ ఊడిపోతాయి. కానీ అంటాడా ఎప్పుడైనా?"

మకరందుడు ఆలోచనలో పడ్డాడు. అంతలో పాల సముద్రం వచ్చింది. పిల్లి ఆగి, ఒడ్డున కూర్చుని, తాపీగా తాగడం మొదలెట్టింది.

"ఇంత సముద్రం నిండా పాలుంటే మా ఇంటికెందుకొచ్చావే?"

"మీ అటకమీద ఎలుకలున్నాయి," అంది పిల్లి మూతి తుడుచుకుంటూ.

మకరందుడికి కాస్త మనసు చివుక్కుమంది. అయినా మళ్ళీ తోక పట్టుకున్నాడు.

ఏడోది మంచినీళ్ళ సముద్రం. అది దాటి తెల్లారేసరికి దీవి చేరారు. ఒడ్డునే కువలయ కూర్చుని ఉంది. పిల్లిని చూసి లేవబోయింది. రాతిపాదం కదలక మళ్ళీ కూలబడింది. మకరందుడు ఆ పాదం చూసి తల దించుకున్నాడు. "అమ్మా, నేను..." అనేలోపే వెనకనుంచి ఉరిమినట్టు ఒక గొంతు.

"ఎవడ్రా నువ్వు? నా పిల్లిని ఇలా ఇవ్వు!"

గడ్డం మోకాళ్ళదాకా, మీసాలు భుజాలదాకా, చేతిలో మంత్రదండం. కరాళుడు! మకరందుడు చటుక్కున పిల్లిని చంకలో పెట్టుకున్నాడు. మాంత్రికుడు దండం ఎత్తాడు, మళ్ళీ దించాడు. మంత్రం వేస్తే పిల్లికీ తగులుతుంది మరి.

"పిల్లి పీక నొక్కితే నేను పోతానని ఎవరైనా చెప్పారా? నొక్కు చూద్దాం. ఆ పాపం నిన్ను ఏడు జన్మలు వదలదు!" అని నవ్వాడు.

"ఛ ఛ, అవేం మాటలు తాతా! వింటే దడుసుకుంటుంది," అని మకరందుడు పిల్లి చెవులు మూశాడు. "నీ పిల్లి నీకిస్తాను. మా ఊళ్ళో కట్టుబాటు ఒకటుంది. అందరి ఎదుటా మూడుసార్లు అడుగుతాను. మూడుసార్లూ నాదే అంటే నీ చేతిలో పెడతాను."

"ఓస్, అంతేనా!" అన్నాడు కరాళుడు. నలుగురిలో మీసం తిప్పడమంటే వాడికి మహా ఇష్టం. కేకేసి దీవిలో జీవాలన్నిటినీ పిలిపించాడు. కొంగలు, కోతులు, పీతలు, అన్నీ బిక్కుబిక్కుమంటూ వచ్చి చుట్టూ చేరాయి.

"దీవిలో ఎలుకలన్నిటినీ పట్టి అందరి గింజలూ కాపాడిన పిల్లి ఎవరిది?"

"నాదే!"

"ఏడు సముద్రాల్ని ఏడు గెంతుల్లో దాటే పిల్లి ఎవరిది?"

"నాదే! ఇంకెవడికుంటుందిరా ఇలాంటి పిల్లి?"

మకరందుడు జీవాల వైపు తిరిగాడు. "ఈ పిల్లి వల్ల మీలో ఎవరికైనా నష్టం జరిగిందా?"

మాంత్రికుడి ముందు మాట్లాడే ధైర్యం ఎవరికుంది? అప్పుడు కువలయ గొంతు విప్పింది. "నాకు జరిగింది. వారమంతా దాచుకున్న మీగడ తినేసింది."

ఆమె అనేసరికి కొంగకి ధైర్యం వచ్చింది. "నా గుడ్లు మూడు మింగింది!" పీత ముందుకొచ్చి, "నా కాలు చూడండి!" అంది. ముసలి కోతి తోక పైకెత్తి చూపించింది. "నిద్రపోతుంటే కొరికింది!"

"పామనుకున్నా," అంది పిల్లి చంకలోంచి.

"తాతా, ఇక మూడోసారి అడుగుతున్నా," అన్నాడు మకరందుడు. "మా కట్టుబాటు ప్రకారం ఈ తప్పులన్నిటికీ ఆసామే పూచీ. ఇక్కడే, వీళ్ళందరి ముందూ, చెవులు పట్టుకుని నూటొక్క గుంజీళ్ళు తియ్యాలి. మీగడ తిని, గుడ్లు మింగి, కాలు విరిచి, తోక కొరికిన ఈ పిల్లి ఎవరిది?"

"గుంజీళ్ళా? నేనా? ఈ కోతుల ముందా?" కరాళుడి మొహం జేవురించింది. ఇంతలో ఒక కోతిపిల్ల ఎలా తియ్యాలో చూపిస్తూ చెవులు పట్టుకుని "ఒకటీ..." అంటూ కూర్చుని లేచింది. పీతలు కిసుక్కుమన్నాయి. కొంగలు నోళ్ళు తెరిచి నవ్వాయి. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి చూసి నవ్వినవాళ్ళు లేరు. ఒళ్ళు తెలియని కోపం వచ్చేసింది.

"ఎవడి పిల్లిరా అది! నాకేం సంబంధం? నాది కాదు, పో!"

అనేశాక గబుక్కున నోరు మూసుకున్నాడు. ఏం లాభం? పిల్లి గట్టిగా తుమ్మింది. దాని ముక్కులోంచి మిణుగురంత వెలుగొకటి ఎగిరివచ్చి వాడి ముక్కులో దూరింది. మీసాలు రాలాయి, గడ్డం రాలింది, దండం పుల్లై విరిగింది. మిగిలింది నడుం వంగిన ఒక ముసలాయన. ఆకలంటే ఏంటో వాడికి మొదటిసారి తెలిసొచ్చింది.

"అమ్మాయ్, కాస్త అన్నం పెడతావా?" అన్నాడు నీరసంగా.

"పొయ్యి అక్కడుంది. వండుకో!" అంది కువలయ లేచి నిలబడి. అవును, నిలబడే! కుడిపాదం మెత్తగా, వెచ్చగా, మునుపటిలా అయిపోయింది. జీవాలన్నీ గోల గోల చేశాయి.

మకరందుడు పిల్లిని ఒకసారి గుండెలకి గట్టిగా హత్తుకుని ఆమె చేతుల్లో పెట్టాడు. అలా పెడుతుంటే కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. "నీ పిల్లి. తలుపు వేసింది నేనే," అన్నాడు.

ఆమె చాలాసేపు అతన్ని కోపంగా చూసింది. "ఎందుకు వేశావు?"

"నన్నొదిలి వెళ్ళిపోతుందేమోనని."

కువలయ పిల్లి తల నిమురుతూ కూర్చుంది. తర్వాత మెల్లిగా అంది, "మొదటిసారి ఇది నీ దగ్గర్నుంచి వచ్చినప్పుడు, నేనూ బుట్ట కింద పెట్టి పైన రాయి పెట్టాను. తెల్లారేదాకా ఏడిస్తే తీశాను."

అంతలో మనవాడికి ప్రశ్న రానే వచ్చింది. "మరి ఇప్పుడు నిన్నెక్కడికి తీసుకెళ్ళను?"

"ఎక్కడికేంటి? మా అమ్మ దగ్గరికి," అంది కువలయ. "కరాళుడు నన్ను ఎవర్నడిగి తెచ్చాడు? మూడేళ్ళయింది. మా అమ్మ నా కోసం ఏ దేశంలో దండోరా వేయిస్తోందో." ఆ మాటంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

పిల్లి గెంతుల మాయ కూడా మంత్రాలతోనే ఊడిపోయింది, అందుకని మకరందుడు తెప్ప కట్టడానికి లేచాడు. కోతులు దుంగలు మోసుకొచ్చాయి, పీతలు తీగలు కత్తిరించాయి, కొంగలు ముక్కులతో ముళ్ళు వేశాయి. ఆ తెప్పమీద ఆమెని నేరుగా కుంతల దేశం తీసుకెళ్ళి తల్లిదండ్రులకి అప్పగించాడు. దొంగ దండోరా, వేసిన గడియ, రాయైన పాదం, ఒక్కటీ దాచకుండా వాళ్ళకి చెప్పేశాడు. పిల్లని ఇమ్మని అడగలేదు. పిల్లిని కూడా అడగలేదు. దణ్ణం పెట్టి గుమ్మం దిగబోయాడు.

"నాన్నగారూ," అంది కువలయ, "లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాడు గానీ అడగాల్సినదొక్కటి అడగకుండా పోతున్నాడు. మీరైనా అడగండి!"

రాజుగారు పకపకా నవ్వి అడిగారు. ఇంకేం కావాలి? కుంతల దేశంలో అయిదు రోజులు, చిత్రగిరిలో అయిదు రోజులు పెళ్ళి. అన్నలిద్దరికీ గుర్రాల మీదా కత్తుల మీదా ఉన్న మోజు రాజ్యం మీద లేదు, అందుకని మకరందుడికే పట్టం కట్టారు. కువలయా అతనూ పిల్లాపాపలతో చాలాకాలం చల్లగా ఏలారు. సింహాసనం మీద మాత్రం ఎప్పుడు చూసినా పిల్లి పడుకుని ఉండేదట. దాన్ని లేపడానికి చేతులు రాక, రాజుగారు పక్కనే పీట వేసుక్కూర్చుని తీర్పులు చెప్పేవారట.