కప్పు ఎత్తే వేళ

"గురువుగారూ, కప్పు ఎప్పుడు ఎత్తాలి?"

శిష్యుడు జీవెన్ ఈ ప్రశ్న తన గురువు లియావ్ గారిని అడిగాడు, తాలూకా అధికారిగా తన మొదటి ఉద్యోగానికి బయలుదేరే ముందురోజు. అంతకుముందు అరగంటసేపు అతను దారి బాగోగులూ, పెట్టెల బరువూ, అద్దె బండివాడి పొగరూ చెప్పుకొచ్చాడు. ఇద్దరి ముందూ మూత పెట్టిన టీ కప్పులున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

ముట్టుకోకపోవడానికి కారణం ఉంది. చింగ్ చక్రవర్తుల కాలపు చైనాలో, అధికారుల కచేరీల్లోనూ చదువుకున్న పెద్దల ఇళ్ళలోనూ అతిథి కూర్చోగానే టీ వచ్చేది గాని, అది తాగడానికి కాదు. ఇంటాయన కప్పు ఎత్తాడంటే "ఇక దయచేయండి" అన్నట్టు. వెంటనే గుమ్మం దగ్గరి నౌకరు "అతిథిగారికి వీడ్కోలు!" అని కేక వేస్తాడు, అతిథి లేస్తాడు. ఎవరి నోటా కటువు మాట రాదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఆ దేశం మీద చెప్పలేనంత అసూయ కలిగింది. మా ఇంట్లో కప్పులు ఎత్తి, కడిగి, బోర్లించినా కదలనివాళ్ళున్నారు. నేను ఎవరెవరి ఇళ్ళలో అలా కూర్చున్నానో మా ఆవిడ పేర్లతో సహా గుర్తుచేశాక ఆ అసూయ కాస్త తగ్గింది.

"రోజుకు ఇరవైమంది వస్తారట," అన్నాడు జీవెన్. "అందరి సోదీ వింటూ కూర్చుంటే కాగితాలు చూసేదెప్పుడు? అసలు విషయానికి రానివాణ్ణి ఎంతసేపు భరించాలో ఒక నియమం సెలవివ్వండి. రాసుకుంటాను." అప్పటికే కుంచె సిరాలో ముంచాడు.

"కుంచె కింద పెట్టు నాయనా," అన్నారు గురువుగారు. "నేను ఒకసారి తొందరపడి ఎత్తాను. అది విను."

ముప్ఫై ఏళ్ళ కిందట లియావ్ గారూ ఒక నది పక్క తాలూకాకు అధికారే. ఒక మధ్యాహ్నం ఆమడ దూరంలోని పల్లె నుంచి పాంగ్ అనే బడిపంతులు నడిచి వచ్చాడు. రాగానే పని చెప్పడం మర్యాద కాదు కనుక వానల గురించి మొదలుపెట్టాడు. ఈ ఏటి వానలయ్యాయి, పోయిన ఏటివయ్యాయి, తన తండ్రి నాటివి కూడా అయ్యాయి. లియావ్ గారు ఆ పూట భోజనంలో ఉప్పుచేప రెండు ముక్కలు ఎక్కువ తిన్నారు. గొంతు ఎండిపోతోంది. పంతులు వానలు ముగించి నది దగ్గరికి వస్తున్నాడు. లియావ్ గారి చెయ్యి ఆయన్ని అడక్కుండానే కప్పు ఎత్తింది.

"అతిథిగారికి వీడ్కోలు!"

పంతులు నోరు తెరిచి, మూసి, లేచి నమస్కరించాడు. కూర్చోమనడానికి లియావ్ గారికి నోరు రాలేదు. అధికారి చేతికీ మనసుకూ పొత్తు లేదని నౌకర్ల ముందు ఒప్పుకోవడమెలా? సిగ్గుతో ఆయనా వెంట నడిచారు. బడిపంతులు హోదాకు మెట్ల దాకా సాగనంపితే చాలు. ఆయన మెట్లు దిగారు.

"అయ్యో, తమరు ఆగండి," అన్నాడు పంతులు.

"రెండడుగులే," అన్నారు లియావ్ గారు.

లోపలి గుమ్మం దగ్గర పంతులు ఒక కాలు బయట పెట్టి ఆగాడు. "మరేం లేదు దొరగారూ. నది గట్టులో చిన్న బీట."

"ఎంత?"

"చెయ్యి దూరేంత. తమరు ఆగండి."

"రెండడుగులే."

నడిమి గుమ్మం దగ్గర పంతులు మళ్ళీ ఆగాడు. "చెయ్యి అన్నాను గాని, తల కూడా దూరుతుంది."

"ఎవరి తల?"

"నాదే. దూర్చి చూశాను. అవతల నీళ్ళ చప్పుడు వినపడింది."

కచేరీ వీధి గుమ్మం దాటాక పంతులు మర్యాద పూర్తిగా సడలిపోయింది. "దొరగారూ, నిన్న మా దూడ అందులో దూరింది. తోక పట్టుకుని లాగాం. గట్టు కింద నలభై ఇళ్ళున్నాయి. పైన కొండల మీద మబ్బు పట్టింది."

ఆ తరవాత లియావ్ గారు ఎక్కడా ఆగలేదు. పంతులు మాత్రం ఊరు దాటేదాకా "తమరు ఆగండి" అంటూనే ఉన్నాడు, అలవాటు కొద్దీ. ఇంట్లో వేసుకునే పట్టు చెప్పులతో తాలూకా అధికారి ముందు నడుస్తుంటే ఖాళీ పల్లకీ, గొడుగు మోసేవాడూ వెనక పరిగెత్తారు. చూసినవాళ్ళు ఆయనకు ఉద్యోగం ఊడిందనుకున్నారట. పొద్దు గుంకకముందే పల్లె మొత్తం తట్టలతో గట్టు ఎక్కింది. మర్నాటి సాయంత్రానికి బీట పూడింది. మూడో రోజు నది వచ్చింది. గట్టు దాకా వచ్చి, గట్టును చూసి, తన దారిన పోయింది.

ఆ రోజు పంతులు భార్య ఇద్దరికీ మట్టి గిన్నెల్లో టీ పెట్టింది. లియావ్ గారు గిన్నెను చూశారు, పంతులు లియావ్ గారిని చూశాడు. ఎవరూ ఎత్తలేదు.

"ఏం, నా టీలో ఈగ పడిందా?" అందావిడ.

లియావ్ గారు మూడు గిన్నెలు తాగారు. ఎవరూ కేక వెయ్యలేదు. అరికాళ్ళ బొబ్బలు మాత్రం నెల దాకా మానలేదు.

కథ విని జీవెన్ హాయిగా నవ్వాడు. తరవాత, బాగా చదువుకున్నవాడు కనుక, మొదటికొచ్చాడు. "బాగుంది గురువుగారూ. కాని కప్పు ఎప్పుడు ఎత్తాలో మీరు చెప్పనే లేదు."

గురువుగారు తన కప్పు ఎత్తి, మూత తీసి, అడుగంటా తాగారు.

"అతిథిగారికి వీడ్కోలు!" అన్నాడు ముసలి నౌకరు.

జీవెన్ మొహం చిన్నబోయింది. లేచి, వంగి నమస్కరించి, మెట్లు దిగాడు. వెనక అడుగుల చప్పుడైంది.

"తమరు ఆగండి గురువుగారూ."

"రెండడుగులే."

ముంగిలి దాటారు. వీధి గుమ్మం వచ్చింది. జీవెన్ ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. కుంచె ఇంకా చేతిలోనే ఉంది, సిరా ఎండిపోయింది. పెట్టెల గురించీ బండివాడి గురించీ అంతసేపు మాట్లాడినవాడు ఇప్పుడు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"మరేం లేదు గురువుగారూ..."

అతను తల దించుకున్నాడు. అప్పుడు కనపడ్డాయి గురువుగారి పాదాలు. ఇల్లు కదలని ఆ ముసలాయన మందపాటి తోలుజోళ్ళు తొడుక్కుని, వాటి తాళ్ళు చీలమండల దాకా గట్టిగా బిగించుకుని ఉన్నారు.

"చెప్పు నాయనా," అన్నారు గురువుగారు. "ఈసారి పట్టు చెప్పులతో రాలేదు."